రెండువేల సంవత్సరానికి తవ్విన గుంత

"…అదంతా సరి, ఈ మగ్గంలో తేదీ యాడుండాదో వేలు పెట్టి చూపించు మామా. చూపించినావంటే నేను ఇంకో మాట మాట్లాడను."

కలైవాణి మగ్గం మోటారు ఆపి మరీ మొగుణ్ణి అడిగింది. ఆ వీధిలో మొగుడూ పెళ్ళాలు మామూలుగా మగ్గాల చప్పుడు మీదనే అరుచుకుంటారు. మోటారు ఆపితే మాట పక్కింటికి వినబడుతుంది, ఆపినంతసేపూ లుంగీ పెరగదు. ఈ రెండు నష్టాలకూ ఒప్పుకుని అడిగిందంటే విషయం చిన్నది కాదు. ముందుగదిలో నడుస్తున్న రెండు మరమగ్గాలనూ ఆ సంవత్సరం ముగిసేలోగా అమ్మేయాలని ఆమె భర్త అరుణాచలం తీర్మానించాడు. ఆ ఇంటి తిండి ఆ రెండు మగ్గాలే. 1999 డిసెంబరు రెండో వారం అది.

అరుణాచలం తమిళ పేపరు చంకలో మడిచిపెట్టుకుని గడపలో నిలబడ్డాడు. తేదీ మగ్గంలో ఉండదని, కరెంటులో ఉంటుందని చెప్పాడు. కరెంటు ఎన్నూరు కరెంటు స్టేషను నుంచి వస్తుంది. ఎన్నూరులో కంప్యూటరుంది. కంప్యూటరుకు సంవత్సరమంటే చివరి రెండంకెలే, తొంభైతొమ్మిది తర్వాత రెండు సున్నాలు కనబడగానే అది పంతొమ్మిది వందల సంవత్సరం వచ్చిందనుకుంటుంది. పంతొమ్మిది వందల సంవత్సరంలో ఈ వీధికి కరెంటు ఉండిందా? లేదు. అందుకని రాదు.

"అట్లయితే లైట్లు గూడా ఎలగవు గదా. బల్బులు గూడా అమ్మేస్తావా?"

ఆడవాళ్ళకు లోకవిషయాలు చెప్పబోవడం తన తప్పేనన్నాడు అతను. లోపలి గదిలో నూలు కండెలు చుడుతున్న అతని తల్లి తులసమ్మ తలెత్తకుండానే కోడలితో మాట్లాడింది.

"వాణ్ణి చూపించమంటే ఏం చూపిస్తాడు కలైవాణీ. వాడు మగ్గం దగ్గిర కూసోని ఇరవై ఏండ్లయింది. దానికి ముందేదో ఎనకేదో గూడా మరిచిపోయుంటాడు."

తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు పోయే రోడ్డు పక్కన నలభై ఇళ్ళ నేతవీధి అది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, వీధిలో రెండూ. అరుణాచలానికి అప్పుడు నలభై ఆరేళ్ళు. పద్దెనిమిదో ఏడు దాకా తండ్రి దగ్గర చేనేత నేర్చుకున్నాడు. నేర్చినంత మటుకు చెయ్యి మంచిదేనని తులసమ్మ కూడా ఒప్పుకుంటుంది. తర్వాత తిరువళ్ళూరులో ఒక వకీలు దగ్గర కాగితాలు మోసే పనికి కుదిరి, నాలుగేళ్ళు మోసి, చేతికి ఒక గడియారాన్నీ నోటికి "విషయం ఏమంటే" అనే మాటనూ తగిలించుకుని తిరిగొచ్చాడు. వచ్చాక కొన్నేళ్ళు అయిష్టంగా నేశాడు. పెళ్ళయ్యాక అదీ మానేశాడు. పెళ్ళాం చెయ్యి తనకంటే చురుకని అందరితో గొప్పగా చెప్పుకునేవాడు.

అప్పటి నుంచి అతని పని పేపరు చదవడం. బస్టాపు దగ్గర సెల్వం టీకొట్టుకు ఒక తమిళ పేపరు వస్తుంది. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా అది అరుణాచలం చేతిలో ఉంటుంది. ఊళ్ళో ముసలివాళ్ళకు తమిళం మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. చదవడం వచ్చిన పిల్లలు ఆ వేళకు మగ్గాల దగ్గరో బడిలోనో ఉంటారు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీలో అరుణాచలం ఇరవై ఏళ్ళు హాయిగా బతికాడు. తమిళంలో చూసుకుని తెలుగులో చదివేవాడు. తమిళంలో నాలుగు వాక్యాలుంటే తెలుగులో పది అయ్యేవి. ఎక్కువైన ఆరూ అతనివి. అవి ఏవో ఎవరూ అడగలేదు. నిజానికి వినేవాళ్ళు వచ్చేదే వాటి కోసం.

స్కైలాబ్ పడబోతున్న సంవత్సరం అతనికి ఇరవై ఆరేళ్ళు. అది తిరుత్తణి కొండ మీద గాని, దానికి ఉత్తరాన మూడు మైళ్ళలో గాని పడుతుందని చెప్పాడు. ఉత్తరాన మూడు మైళ్ళంటే వాళ్ళ ఊరే. జనం కోళ్ళను కోసుకుని తిన్నారు. ఒకాయన ఆవును పెళ్ళాం పుట్టింటికి తోలించాడు. అది పోయి ఆస్ట్రేలియాలో పడింది. పడుతుందన్నాను, పడింది గదా అన్నాడు అరుణాచలం. వినాయకుడు పాలు తాగిన రోజున ఇది యుద్ధానికి సూచన అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత యుద్ధం రాగానే ఆ మాట గుర్తుచేశాడు. అతను చెప్పిన తేదీన ఏదీ జరగలేదు. జరగనందుకు ఎవరూ వచ్చి నిలదీయలేదు. అది మర్యాద కాదు. నిలదీస్తే తామూ నమ్మినట్టు ఒప్పుకోవలసి వస్తుంది.

తొంభైతొమ్మిది అతనికి బాగా కలిసొచ్చింది. ఎండాకాలంలో మంచుకొండల మీద యుద్ధం, ఆగస్టులో గ్రహణం, అదే నెలలో టర్కీలో భూకంపం, దీపావళి ముందు ఒరిస్సాలో తుఫాను. అన్నిటినీ ఒకే తాడుకు కట్టి, వెయ్యేళ్ళు నిండుతున్నాయి కాబట్టి భూమి బరువు దించుకుంటోందని వివరించాడు. ఈ బరువు ఎక్కడి నుంచి వచ్చిందో, వెయ్యి అనే అంకె భూమికి ఎవరు చెప్పారో అడిగినవాడు లేడు. టీకొట్టులో బెంచీ చాలక సెల్వం ఇంకొకటి చేయించాడు.

నవంబరులో కంప్యూటర్ల సంగతి పేపర్లో వచ్చింది. విమానాలు, బ్యాంకులు, ఆసుపత్రులు తమ యంత్రాలను సరిచూసుకోవాలని అందులో ఉంది. అరుణాచలం విమానాలను కూల్చి, బ్యాంకులను మూసి, అమెరికాను చీకటి చేసి, పేపరు మడిచాడు. అప్పుడు రత్నస్వామి అడిగాడు. రత్నస్వామికి అరవై దాటాయి. ఒకప్పుడు ఆ వీధిలో అంత సన్నగా నేసినవాడు లేడు. ఇప్పుడు కొడుకులు నడిపే మరమగ్గాల నడుమ, చెవుల్లో దూది పెట్టుకుని, ఇంట్లో ఎవరికీ అక్కరలేకుండా కూర్చుని ఉంటాడు. అతను అడిగింది చిన్న సంగతి. అయితే మన మగ్గాలేమవుతాయి?

మగ్గాల మాట పేపర్లో లేదు. తెలియదు అనే మాట అరుణాచలం ఏనాడూ పలకలేదు. గ్లాసు అడుగున మిగిలిన టీ తాగి, నిలిచిపోతాయన్నాడు.

ఆ తర్వాత అతను పెద్దగా కష్టపడలేదు. మిగతాది జనమే అల్లుకున్నారు. మరమగ్గాలు ఇక్కడ ఆగితే ఈరోడులోనూ ఆగుతాయి, భీవండిలోనూ ఆగుతాయి, జపానులోనూ ఆగుతాయి. లోకానికి గుడ్డ కావాలి. అప్పుడు నేసేది ఎవరు? చేత్తో నేయడం వచ్చినవాళ్ళు. వాళ్ళు ఎక్కడున్నారు? ఈ వీధిలో. పదమూడేళ్ళ కిందట ఇదే మనుషులు సంతోషంగా, గుంతలో కాళ్ళు దించి చేత్తో నేసే గుంత మగ్గాలను పీకి, గుంతల్లో రాళ్ళు నింపి, పైన సిమెంటు పోసి, మరమగ్గాలు దించుకున్నారు. చేనేత పోయిందని అప్పుడు ఒక్కరూ ఏడవలేదు. ఇప్పుడు యంత్రం తమకు ద్రోహం చేసినట్టూ, దేవుడు తమ పక్షాన తీర్పు చెప్పబోతున్నట్టూ మాట్లాడారు.

మొదట రత్నస్వామి గడ్డపార పట్టుకున్నాడు. కొడుకులు షిఫ్టు ముగించి పడుకున్న మధ్యాహ్నం ముందుగది నేల పగలగొట్టాడు. పది రోజుల్లో ఏడిళ్ళలో గుంతలు పడ్డాయి. అటకల మీది పాత సామాను దిగింది. దొరకనివాటి కోసం వెతుకులాట మొదలైంది. ఒకరింట్లో బట్ట చుట్టే కర్ర మనవడి ఉయ్యాలకు దూలమై ఉంటే, మనవణ్ణి దించి తీసుకున్నారు. ఇంకొక ఇంట్లో నాలుగడుగులు తవ్వేసరికి నీళ్ళూరాయి. ఆ ఇంటివాళ్ళు దాన్ని కూడా మంచి శకునమనుకున్నారు.

గుంత తవ్విన ఇళ్ళలో కొన్నిటికి మరమగ్గాలు పెట్టుకునే చోటు మిగల్లేదు. అక్కడికి మురళీధరన్ వచ్చాడు. మణవాళనగర్‌లో ఉంటాడు. పాత మగ్గాలు కొని బాగుచేసి అమ్మడం అతని వ్యాపారం. అతను ఎవరితోనూ అబద్ధమాడలేదు. టీకొట్టులో కూర్చుని అరుణాచలం చెప్పిందంతా విన్నాడు. నిజంగా నిలిచిపోతాయా అని ఎవరో అతన్నే అడిగితే చేతులు జోడించాడు.

"నాకేం తెలుసన్నా, నేను ఇనుము మనిషిని. మీరు చదివినోళ్ళు. నిలిచిపోయినా ఇనుము ఇనుమే గదా, సుమ్మా, ఊరికినే పారేస్తామా."

పాత ఇనుము ధర కంటే కాస్త పైన ఇచ్చాడు. దాన్ని అందరూ అతని మంచితనం అనుకున్నారు.

మగ్గాలు కొన్నది అరుణాచలం పేరు మీద. కొనడానికి పోయింది కలైవాణి పుట్టింటివాళ్ళు పెట్టిన గొలుసు. ఈ మాట ఆమె ఎత్తలేదు. ఎత్తితే అది గొలుసు మీద తగాదా అవుతుంది, మగ్గాలు పక్కకు పోతాయి. తిరుత్తణిలో పదకొండో తరగతి చదువుతున్న కూతురు నిత్యను పిలిచి, సెల్వం కొట్టు నుంచి పాత పేపర్లు తెమ్మంది. నిత్య కంప్యూటర్ల వార్తలన్నీ వెతికి, అవ్వకూ అమ్మకూ తెలుగులో చెప్పింది. ఎక్కడా మగ్గం లేదు. ఎన్నూరు లేదు. ఇక్కడ పెద్దగా ఇబ్బంది ఉండదని ఒకచోట ఉంది. తులసమ్మ దాన్ని రెండోసారి చదివించుకుంది. తర్వాత, ఇరవై ఏళ్ళుగా తను విన్న వార్తల్లో ఎన్ని వార్తలో, ఎన్ని కొడుకు మాటలో లెక్క చూస్తున్నట్టుగా కండె వదిలి వేళ్ళు మడవసాగింది.

అరుణాచలం రాగానే నిత్య ఆ ముక్క చూపించింది. అతను కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు.

"పేపర్లో అన్నీ రాస్తారామ్మా? రాస్తే జనం కొట్టుకోని సస్తారు. రాయనిదాన్ని చదవాల. అది నీకింకా రాదు."

మర్నాటి పొద్దున కలైవాణి నేసిన లుంగీలు వ్యాపారికి ఇవ్వడానికి తిరుత్తణి పోయి, పనయ్యాక కరెంటాఫీసుకు వెళ్ళింది. లెడ్జరులో ఏదో రాసుకుంటున్న మనిషి ముందు నిలబడి, ఒకటో తేదీ నుంచి కరెంటు ఉంటుందా అని అడిగింది. ఎందుకమ్మా అన్నాడతను. ఆమె చెప్పింది. అతను నవ్వి, ఇక్కడ కంప్యూటరు ఎక్కడుందో నువ్వే చూడమ్మా, ఈ ఫ్యాను బాగుచేయమని అర్జీ పెట్టి మూడు నెలలైంది అన్నాడు. పక్క బల్ల వాడికి అరవంలో చెప్పాడు. వాడు ఇంకో బల్లకు చెప్పాడు. గదంతా ఆమెను చూసి నవ్వింది. నమ్మినవాడు హాయిగా టీకొట్టులో ఉన్నాడు, నమ్మనిది ఇక్కడ నవ్వులపాలైంది. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఆమెకు మంట పుట్టించింది ఇదే.

కరెంటాఫీసు గుమాస్తా మాటను అరుణాచలం ఒక పక్కకు నెట్టేశాడు. చెప్పొద్దని పైనుంచి ఆర్డరు ఉంటుందన్నాడు. చివరికి తులసమ్మ మధ్యకు వచ్చి ఒక కట్టుబాటు చేసింది. జనవరి రెండో తేదీ దాకా మగ్గాలు కదలవు. కరెంటు పోతే అమ్ముకోవచ్చు, ఎవరూ అడ్డం రారు. నిత్య తల మీద చెయ్యి పెట్టి అరుణాచలం ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం అతనికి ఎప్పుడూ కష్టం కాలేదు.

ఇరవై నాలుగో తేదీన ఖాట్మండు నుంచి వస్తున్న విమానాన్ని ఎత్తుకుపోయారు. ఆ వారమంతా సెల్వం కొట్టు టీవీ ముందు నిలబడడానికి చోటు లేదు. విమానం కాందహారులో నేల మీద ఉంది. లోపల మనుషులున్నారు. బయట టీకొట్టులో అరుణాచలం, విమానంలో సీట్ల వరసలు ఎలా ఉంటాయో, తాలిబాన్లు ఏం తింటారో చెబుతున్నాడు. అతను ఎన్నడూ విమానం ఎక్కలేదు, రేణిగుంట దాటి పోలేదు. కాని వెయ్యేళ్ళ చివరి వారంలో ఇంత పెద్ద సంగతి జరగడం అతని మాటకు ముద్ర వేసినట్టయింది. అది జరిగింది గదా, ఇదీ జరుగుతుంది అనుకున్నారు జనం. ఆ రెంటికీ సంబంధమేమిటని అనుకున్నవాళ్ళు కూడా పైకి అనలేదు. ఆ వారంలో ఇంకో రెండిళ్ళవాళ్ళు మగ్గాలు అమ్మేశారు.

ఇరవై తొమ్మిదో తేదీ బుధవారం కలైవాణి లుంగీలు ఇచ్చి రావడానికి మళ్ళీ తిరుత్తణి వెళ్ళింది. సంవత్సరాంతపు మెట్ల పండగకు కొండ కింద అప్పటికే జనం చేరుతున్నారు. తిరుగు బస్సులు ఒకటి విడిచి ఒకటి నిండిపోయి వస్తున్నాయి. ఆమె మధ్యాహ్నం మూడు దాకా బస్టాండులో నిలబడింది.

మురళీధరన్ టెంపో పన్నెండింటికి వచ్చింది. ఈ సంవత్సరానికి ఇదే ఆఖరి ట్రిప్పు అన్నాడు. అరుణాచలం అప్పుడు టీకొట్టు దగ్గర విమానం సంగతి చెబుతున్నాడు. ఊరికి ఇన్ని చెప్పినవాడు సొంత మగ్గాలు ఎందుకు అట్టే పెట్టుకున్నాడని బెంచీ మీద నుంచి రత్నస్వామి అడిగాడు. దానిలో ఎత్తిపొడుపు ఏమీ లేదు, ముసలాయన తెలుసుకుందామని అడిగాడు. పక్కనున్న ఇద్దరు మాత్రం నవ్వారు. ఆ నవ్వు విని అరుణాచలం లేచాడు. పేపరు మడిచి, టెంపో డ్రైవరుకు దారి చూపిస్తూ ముందు నడిచాడు.

మగ్గాల మీద పడుగులు, అంటే నిలువు పోగులు, బిగించి ఉన్నాయి. ఒకదాని మీద సగం నేసిన లుంగీ ఉంది. నూలు వ్యాపారిది. మగ్గం ఎత్తాలంటే పోగులు విడదీసి, పడుగును చెదరకుండా చుట్టి పక్కన పెట్టాలి. రెండు గంటల పని. టెంపో ఆగదన్నారు. అరుణాచలం వంటింట్లోకి పోయి కత్తి తెచ్చాడు. ఆ వీధిలో నడుస్తున్న పడుగును కోసేది ఇంట్లో చావు జరిగినప్పుడే. మగ్గం పక్కనుంచి శవాన్ని తీసుకుపోకముందు కోసేస్తారు. ఇంకెప్పుడూ, ఎంత తొందరున్నా, ఎవరూ కోయరు.

తులసమ్మ అడ్డం పడలేదు. గోడకు ఆనుకుని చూసింది. రెండో పడుగు మీద కూడా కత్తి పడ్డాక అంది.

"నేనింకా బతికే ఉండాను గదరా."

అతను కత్తి పక్కన పెట్టాడు. నలుగురు కలిసి మగ్గాలను వీధిలోకి జరుపుతుంటే, అది పట్టుకో, ఇది వదులు అని చెప్పాడు. తను దేన్నీ పట్టుకోలేదు.

కలైవాణి చంకలో నూలు మూటతో వచ్చేసరికి ముందుగదిలో ఎనిమిది బోల్టు రంధ్రాలు, నూనె మరకలు, కోసిన పోగులు ఉన్నాయి. గది మధ్య ఇద్దరు కూలివాళ్ళు నేల పగలగొడుతున్నారు. ఆమె మూట దించి, ఏ తేదీ దాకా ఆగుతానని ఒట్టు పెట్టావు అని మాత్రం అడిగింది. ఇంకో రెండు రోజుల్లో నీకే తెలుస్తుందన్నాడు అరుణాచలం. ఆమె కోసిన పోగులను రంగు రంగుగా విడదీసి కట్టలు కట్టింది. వ్యాపారికి చూపించి ఏదో ఒకటి చెప్పాలి.

ముప్ఫై ఒకటిన ఊళ్ళో సగం జనం కొండకు పోయారు. మూడు వందల అరవై ఐదు మెట్లకూ కర్పూరం వెలిగించి సంవత్సరాన్ని సాగనంపడం వాళ్ళకు అలవాటు. మిగిలిన సగం టీకొట్టు దగ్గర కరెంటు పోవడం చూడడానికి కూర్చుంది. విమానంలోవాళ్ళను విడిచిపెట్టారని ఆ సాయంత్రమే తెలిసింది. ఆ వార్త విని సంతోషించినవాళ్ళు తక్కువ. ముందు జరగబోయేదాని మీద అందరి చూపూ ఉంది. పన్నెండు కొట్టింది. కొండ దిక్కున టపాకాయలు పేలాయి. బల్బు వెలుగుతూనే ఉంది. పన్నెండుంబావుకు కరెంటు పోయింది. అది వారానికి నాలుగుసార్లు పోయేదే. అరుణాచలం చీకట్లో లేచి నిలబడ్డాడు. ఎవరో అతని చెయ్యి పట్టుకున్నారు. అతని జీవితంలో అంతటి ఘనమైన నాలుగు నిమిషాలు అంతకుముందు లేవు, తర్వాత లేవు. ఐదో నిమిషంలో సెల్వం కొట్టు ఫ్రిజ్జు గుర్రుమంది.

శనివారం పొద్దున ఆరింటికి, మగ్గాలు అమ్మని ఇళ్ళన్నిటిలో మోటార్లు మొదలయ్యాయి. మొత్తం పదకొండు మగ్గాలు అమ్మేసిన ఐదిళ్ళు నిశ్శబ్దంగా ఉన్నాయి. అరుణాచలం మూడు రోజులు టీకొట్టుకు పోలేదు. నాలుగో రోజు పేపర్లో అతనికి కావలసింది దొరికింది. లెక్క ప్రకారం కొత్త సహస్రాబ్ది మొదలయ్యేది 2001లో అని ఎవరో ప్రొఫెసరు రాశాడు. అరుణాచలం దాన్ని చదివి, నాలుగు వాక్యాలను పన్నెండు చేశాడు. మగ్గాలు అమ్మని ఇళ్ళవాళ్ళు నవ్వారు. అమ్మినవాళ్ళు నవ్వలేదు. తలలు ఊపారు, ఏడాది ఆగి చూద్దాం అన్నారు. తమ బుద్ధితక్కువతనానికి అంత మర్యాదైన పేరు ఇంకెవరు పెడతారు? రత్నస్వామిని కొడుకులు టీకొట్టుకు పోనివ్వడం మానేశారు. శిక్ష పడింది అతనొక్కడికే.

అరుణాచలం గుంతలో దిగింది ఒక పొద్దున. తల్లి మగ్గం అమర్చి ఇచ్చింది. అతను జానెడు గుడ్డ నేశాడు. కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోతే కలైవాణీ నిత్యా చెరొక చెయ్యీ పట్టి పైకి లాగారు. తర్వాత తులసమ్మే డెబ్బై ఏళ్ళ మోకాళ్ళతో దిగి నెలకు నాలుగు తువ్వాళ్ళు నేసింది. చేనేత సొసైటీవాళ్ళు వాటిని ఎండలో పట్టి చూసి, పనితనం బాగుందమ్మా, కొనేది ఎవరు అన్నారు. కలైవాణి ఇంటింటికీ పోయి కండెలు చుట్టే పని తెచ్చుకుంది. ఇంతకుముందు ఆమె చేత కండెలు చుట్టించుకోవాలని కలలో కూడా అనుకోని ఇళ్ళు అవి. మగ్గాలు అమ్మిన డబ్బు చైత్రం దాకా తిన్నారు. నిత్య బస్సు పాసు ఒక నెల ఆగింది.

ఏప్రిల్‌లో సెల్వం కొట్టు వెనక ఉన్న గోదామును మురళీధరన్ అద్దెకు తీసుకున్నాడు. పదకొండు మగ్గాలకూ పచ్చరంగు పూసి అక్కడే దించాడు. దూరం తీసుకుపోయి అమ్మడం కంటే, మనుషులు కూడా దొరికే చోట నడపడం లాభమని అతనికి తోచింది. మొదటి రోజు మోటార్లు వేసినప్పుడు కలైవాణి పక్కింటి అరుగు మీద కండె చుడుతోంది. తన ఎడమ మగ్గానికి అడ్డపోగును మోసే నాడె తిరిగొచ్చేటప్పుడు ఒక చిన్న రెండో దెబ్బ ఉండేది. మిగతా పది మగ్గాల చప్పుడులో అది ఆమెకు విడిగా వినబడింది. కండె చుట్టడం ఆపలేదు.

వారం తర్వాత ఒక సాయంత్రం మురళీధరన్ ఇంటికొచ్చాడు. ముందుగదిలో గుంత ఉండడంతో గోడ వారన ఒదిగి కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు. ఎవరి మగ్గాలు వాళ్ళకే అలవాటు కాబట్టి, ఆ రెంటి మీద కొత్తవాళ్ళను పెట్టడం తనకు ఇష్టం లేదన్నాడు. వీళ్ళింటి నుంచి ఎవరొచ్చినా సరే. పొద్దున ఆరు నుంచి రెండు దాకా షిఫ్టు, కూలి వారానికోసారి. మాట్లాడుతున్నంతసేపూ కలైవాణి వైపే చూశాడు. పని ఎవరికి వచ్చో అతనికి తెలుసు.

అరుణాచలం గొంతు సవరించుకున్నాడు. మగ్గాలు సొంతంగా నడిపిన ఇంటి ఆడది ఇంకొకరి షెడ్డులో కూలికి నిలబడడం మర్యాద కాదన్నాడు. ఇంకో ఎనిమిది నెలలు ఓర్చుకుంటే చాలన్నాడు. విషయం ఏమంటే, అని మొదలుపెట్టి, ప్రొఫెసరు రాసిన లెక్క మురళీధరన్‌కు చెప్పాడు. మురళీధరన్ శ్రద్ధగా విన్నాడు. గుంతలో ఉన్న తులసమ్మ నేత ఆపి, పైకి తల పెట్టి కోడలి మొహం చూసింది. చదువుకుంటున్న నిత్య పుస్తకం మూసింది.

కలైవాణి చేతిలోని కండెను బుట్టలో వేసి లేచి నిలబడింది.

"నేను రాను, అన్నా. మా మామ వస్తాడు. రేపు ఆరు గంటల షిఫ్టుకు ఈయన పేరు రాసుకోండి."